అమాస నాడు కొలిచిన జాగా

సారయ్య అంగ వేస్తే సరిగ్గా రెండున్నర అడుగులు. ఎండలో వేసినా అంతే, బురదలో వేసినా అంతే. తన పెళ్లిలో ఏడడుగులు నడిచినప్పుడు కూడా అంతేనట. ఆయన భార్య సమ్మమ్మది వర్ధన్నపేట. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ఆమె మా అందరి ముందూ అనేది: "నా పక్కన నడుస్తాండా, పెండ్లి పందిరి కొలుస్తాండా, నాకైతే సమజ్ కాలే."

నా పేరు అబ్దుల్ హమీద్. వరంగల్లులో పట్నం ప్లాన్లు గీసే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. పెద్దవాళ్లు పెన్సిలుతో గీసిన మ్యాపు మీద ట్రేసింగు గుడ్డ పరిచి, ఇంకుతో మళ్లీ గీసి, రంగులు వేయడం నా పని. ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. సారయ్య అదే ఆఫీసులో చైన్‌మన్. సర్వేకు పోయినప్పుడు ఇనుప గొలుసు పట్టుకుని ముందు నడిచేవాడు. నాకంటే అయిదారేళ్లు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను భాయ్ అనేవాడు. నాకు కోపం తొందరగా వస్తుంది, ఆయనకు అసలు రాదు. అందుకే ఇరవై ఏళ్లు మా ఇద్దరికీ బాగా కుదిరింది.

సారయ్య కొత్తవాడ మనిషి. వాళ్లింట్లో తాతల నాటి నుంచి జంపఖానాలు నేస్తారు. అన్న గట్టయ్య మగ్గం దగ్గర కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా లేవడు. తమ్ముడికి మాత్రం కూర్చుంటే కాళ్లు గుంజేవి. గంటకోసారి లేచి వాడకట్టంతా చుట్టి వచ్చేవాడట. చివరికి గట్టయ్యే విసిగిపోయి, "నీ తిరుగుడుకు జీతమిచ్చేటోళ్లు ఎవలన్న ఉంటే సూసుకోరా తమ్మీ" అన్నాడు. అలాంటివాళ్లు ఉన్నారు, మా ఆఫీసువాళ్లు.

1978 నాటికి, పదకొండేళ్ల నౌకరీలో సారయ్య వరంగల్లును ఎన్నిసార్లు అంగలతో కొలిచాడో లెక్క లేదు. చౌరస్తా నుంచి స్టేషనుకు ఎంత దూరమని అడిగితే మనమైతే పది నిమిషాలంటాం. ఆయన మాత్రం అంగల లెక్క చెప్పి, "నడుమ రిక్షా అడ్డమొస్తె ఇంకో నాలుగు" అని కలిపేవాడు. నేనొకసారి పరీక్ష పెట్టాను. ఆఫీసు వరండా పొడవు ఆయన నడిచి చెప్పాడు, నేను టేపుతో కొలిచాను. మూడంగుళాలు తేడా వచ్చింది. "నీ టేపు సాగింది భాయ్, మార్పియ్యి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తరవాత చూస్తే టేపు నిజంగానే సాగింది.

1978లో మా ఆఫీసుకు పాండురంగం సారు ప్లానింగు ఆఫీసరుగా వచ్చాడు. హైదరాబాదులో చదువుకున్నాడు, మంచివాడు, నోరు మెత్తన. ఒక్కటే జబ్బు, కంపాసు. జేబులో పెన్ను లేని రోజులున్నాయి గానీ కంపాసు లేని రోజు లేదు. టీ గ్లాసు కాగితం మీద గుండ్రటి మరక పెడితే దాన్ని కూడా కాసేపు ఇష్టంగా చూసేవాడు.

ఆయన వచ్చిన ఆర్నెల్లకు పైనుంచి ఉత్తరం వచ్చింది. నడి ఊళ్లో నాలుగుచోట్ల పచ్చని జాగాలు చూసి ప్లాన్లు పంపమని. మంచి మాటే. ఆ రోజుల్లో చౌరస్తా నుంచి మండీ బజారు దాకా ఎటు చూసినా రిక్షాలు, బండ్లు, మిర్చి బస్తాలు, దుకాణాల రేకులు. మనిషి కాసేపు కూర్చుందామంటే చోటు లేదు. పల్లెల నుంచి దవాఖానకు వచ్చినవాళ్లు బస్సు వేళయ్యేదాకా దుకాణాల మెట్ల మీద కూర్చుని, యజమానులతో తిట్లు తినేవారు. ముసలమ్మలను కూడా లేపేవాళ్లు. అది చూసినప్పుడల్లా నేను దుకాణాలవాళ్లతో తగువు పెట్టుకునేవాణ్ణి. కాబట్టి ఈ పని నాకు నచ్చింది. సారయ్యకైతే పండగే, ఎందుకంటే పార్కులు ఎక్కడ పెట్టాలో తేల్చేముందు ఊరి నడుమ ఉన్న పదకొండు ఖాళీ జాగాలు కొలవాలి.

పదకొండోది కొత్తవాడ అంచున ఉన్న పడుగుల బయలు.

ఆ బయలు సంగతి కొంచెం చెప్పాలి. జంపఖానా నేయాలంటే ముందు నిలువు దారాలన్నీ కలిపి పడుగు తయారు చేయాలి. అరవై గజాల పొడవు పడుగును మెలిక లేకుండా, తిన్నగా, బిగువుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఇంట్లో అయ్యే పని కాదు. కొత్తవాడ ఇళ్లు మనుషులు పడుకోవడానికే చాలవు. అందుకని పొద్దున్నే ఆ బయలులో రెండువైపులా కర్రలు పాతి, వాటి నడుమ పడుగులు చాపేవారు. ఒక్కో పడుగుకు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, కుంచెలు పట్టుకుని పొడవునా నడిచేవారు. ఎండ ముదిరేలోపల పని అయిపోవాలి, లేకపోతే గంజి పెళుసుబారి దారాలు తెగుతాయి. అరవై ఇళ్లకు అదొక్కటే చోటు. అది లేకపోతే మగ్గాలు ఉన్నా లేనట్టే.

అలాంటి చోట ఇనుప గొలుసు ఈడ్చుకుంటూ సర్వే చేస్తే ఏమవుతుంది? ఏ పడుగుకో తగిలి నూరు దారాలు పుటుక్కున తెగుతాయి, నూరు నోళ్లు లేస్తాయి. ఆదివారం మా ఆఫీసుకు సెలవు గానీ మగ్గానికి లేదు. నేతపనివాళ్లు మగ్గం ముట్టుకోని రోజు నెలకు ఒక్కటే, అమావాస్య. సారయ్య చేతివేళ్ల మీద లెక్క పెట్టుకుని పాండురంగం సారు దగ్గరికి పోయాడు.

"సార్, కొత్తవాడ జాగ బుధవారం కొలుద్దాం. గొలుసుకు అడ్డమేం ఉండది."

సారుకు ఏ వారమైతే ఏమిటి? సరేనన్నాడు. బుధవారం అమావాస్య. బయలులో పురుగు కూడా లేదు. పాతిన కర్రలు పీకి గోడవారగా పెట్టేశారు. సారయ్య గొలుసు గీత గీసినట్టు పోయింది. పొడవు తొంభై ఆరు అంగలు, వెడల్పు నలభై. గొలుసు లెక్కా అంగల లెక్కా అంగుళం తేడా లేకుండా కలిశాయి. పాండురంగం సారు గొడుగు కింద నిలబడి, చుట్టూ చూసి, ఫీల్డ్ బుక్కులో 'ఖాళీ స్థలం, ప్రస్తుతం ఏ వాడకమూ లేదు' అని రాసుకున్నాడు. ఆయన చూసింది ఆయన రాశాడు. ఆ బుక్కు చైన్‌మన్ చేతికి రాదు.

నెల తిరిగేసరికి నాలుగు జాగాలు ఖాయమయ్యాయి. నాలుగోది పడుగుల బయలు. పాండురంగం సారు కంపాసు తీశాడు. నడిమధ్య ఫౌంటెను, దాని చుట్టూ గుండ్రటి పూలమడి, దాని చుట్టూ గుండ్రటి బాట, దాని చుట్టూ గుండ్రంగా సిమెంటు బెంచీలు, అన్నిటి చుట్టూ ఇనుప కంచె. నేను ట్రేస్ చేసి, ఆకుపచ్చలో కాస్త పసుపు కలిపి రంగు వేశాను. నా చేతి రంగు ఎక్కడా మడుగు కట్టదు. అందరూ మెచ్చుకున్నారు. ప్లాను పైకి పోయింది, మంజూరై వచ్చింది, ప్రింటు తీసి, దానికీ రంగు వేసి గోడకు అంటించాం.

ఆ ప్రింటు చూసి సారయ్య మురిసిపోయాడు. మీరు నమ్మరు గానీ, ఊరంతా మ్యాపుల కోసం నడిచిన ఆ మనిషి ఆ కాగితం మీద చూసింది ఒక్క రంగే. పార్కంటే చెట్లు. చెట్లొస్తే పడుగులు దువ్వేవాళ్లకు నీడ. ఆయన లెక్క అంతవరకే పోయింది. వెంటనే ఇంటికి పోయి, మగ్గం దగ్గర నుంచి ఎన్నడూ కదలని గట్టయ్యను బతిమాలి, బట్టలు మార్పించి, ఆఫీసుకు తీసుకొచ్చాడు.

"సూడన్నా, మన బయలు. నేను కొలిచిందే. పచ్చగ ఎట్లున్నదో సూడు."

గట్టయ్య బక్కపలచని మనిషి, మాట తక్కువ. ప్రింటు ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేలు పెట్టి ఫౌంటెను చూపించాడు.

"ఇదేంది?"

"నీళ్లు ఎగజిమ్ముతది అన్నా."

"ఇది?"

"కూసునే బల్లలు."

"ఇది?"

"కంచె."

గట్టయ్య వేలు కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోవాలని చూసింది. నడుమ ఫౌంటెను తగిలి ఆగింది. పక్క నుంచి పోనిచ్చాడు. బెంచీ తగిలింది.

"మరి పడుగు ఏడ సాపాలెరా?"

సారయ్య తన వేలు కూడా పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు వెతికాడు. ఆయనకూ దారి దొరకలేదు.

"ఖాళీ జాగ అని రాసిండ్రా గీండ్ల? ఎన్నడొచ్చిండ్రు కొలువ?" గట్టయ్య అడిగాడు.

"అమాస నాడు" అన్నాడు సారయ్య, మెల్లగా. "దారాలు తెగుతయని... నేనే సెప్పిన."

గట్టయ్య తమ్ముణ్ణి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు మగ్గం దిగినవనుకున్న. మా కడుపుల మీది కెల్లి దిగుతవనుకోలే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఒకే వాకిలిలో రెండు కాపురాలు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. సమ్మమ్మ, ఆమె తోటికోడలు మాత్రం బావి దగ్గర మాట్లాడుకుంటూనే ఉన్నారు, లేకపోతే ఎవరింట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా ఇల్లు పోచమ్మ మైదాన్ అవతల. రోజూ పొద్దున ఆ బయలు పక్క నుంచే సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వచ్చేవాణ్ణి. ఎర్ర దారాలు, నీలి దారాలు, తడి గంజి వాసన, కుంచెల చప్పుడు. అవి లేని పొద్దు నాకు లేదు. మరి ఫీల్డ్ బుక్కులో 'ఏ వాడకమూ లేదు' అని నా కళ్లతో చదివి, ఆకుపచ్చలో పసుపు ఎంత కలపాలా అని ఆలోచించాను తప్ప, ఇదేమిటి సార్ అని అడగలేదు. ట్రేసర్ పని గీసింది గీయడమే అని నాకు నేను చెప్పుకున్నాను.

సారయ్య వారం రోజులు అన్నం సరిగా తినలేదు. నడక కూడా తప్పింది. ఒకరోజు వరండా నడుస్తూ మధ్యలో ఆగి, "ఎన్నైనయో మర్సిపోయిన భాయ్" అన్నాడు. నాకు భయం వేసింది. ఆ మనిషి లెక్క మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎనిమిదో రోజు పాండురంగం సారు గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సారు ముందు నమ్మలేదు, తరవాత తల పట్టుకున్నాడు.

"మంజూరైన ప్లాను సారయ్యా. సర్వే తప్పని నేనంటే పైవాళ్లు ఊరుకోరు. తప్పు ఎక్కడ జరిగింది, ఎవరివల్ల జరిగింది అని కాగితం మీద ఉంటేనే మళ్లీ కొలవడానికి వీలవుతుంది. నువ్వు రాసిస్తావా?"

"రాసిస్త సార్."

"ఆలోచించుకో. అసిస్టెంటు సర్వేయరు లిస్టులో నీ పేరు పైనుంచి రెండోది. ఇది ఫైల్లో చేరితే ఆ పేరు ఉండదు. మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

పదకొండేళ్లు గొలుసు మోసిన భుజం అది. ఆ లిస్టు కోసం సారయ్య మూడు పరీక్షలు రాశాడు, అందులో రెండింటికి నేనే పాఠం చెప్పాను. వద్దన్నా అన్నాను. కొత్తవాడవాళ్లందరితో అర్జీ పెట్టిద్దాం, ఇంకెలాగైనా చేద్దాం అన్నాను. ఆయన వినలేదు. కంట్రాక్టరు అప్పటికే కంచె ఇనుము తెచ్చి బయలు మూలన పడేశాడు. అర్జీలు తిరిగి వచ్చేలోపల స్తంభాలు పాతేస్తారు.

"నీ రాత మంచిగుంటది. నువ్వే రాయి భాయ్" అన్నాడు.

నా డ్రాయింగు బల్ల మీదే రాశాం. ఆయన చెబుతుంటే నేను మంచి తెలుగులోకి మార్చి రాశాను. అమావాస్య నాడు కొలవాలని తానే చెప్పినట్టు, అక్కడ రోజూ పడుగులు చాపుతారని తనకు తెలిసీ సారుకు చెప్పనట్టు. చివర్లో సారయ్య నా వైపు తిరిగాడు. నా మొహంలోకి చూశాడు. తరవాత అన్నాడు: "రాయి. ఈ తప్పు నా ఒక్కనిదే."

రాశాను. ఆయన సంతకం పెట్టాడు. నేను ఇంకు ఆరేదాకా ఊది మడతపెట్టాను.

పదిహేను రోజుల్లో మళ్లీ సర్వే జరిగింది. ఈసారి మామూలు రోజున, తెల్లారగానే. చలికాలం. పాండురంగం సారు కోతిటోపీ పెట్టుకుని, చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. బయలు నిండా తొమ్మిది పడుగులు, ఒకటి ఇటు గోడదాకా, ఒకటి అటు గోడదాకా చాపి ఉన్నాయి. మంచు విడుతున్న వేళ, ఎర్రవి, పచ్చవి, తెల్లవి. సారు ఒక్క నిమిషం నిలబడిపోయాడు. తరవాత అవతల పక్కకు పోదామని మొదటి పడుగు మీదుగా కాలెత్తాడు.

"ఏ సారూ!" అని ముప్పై గొంతులు ఒక్కసారే లేచాయి. సారు కాలు గాలిలోనే ఆగింది.

పడుగును దాటకూడదు. ఎవరైనా సరే, చివరిదాకా పోయి చుట్టు తిరిగి రావాలి. అది వాళ్ల పట్టింపు. సారు ఒక పడుగు చుట్టూ అరవై గజాలు పోయి, అవతల మరో పడుగు కనబడి, మళ్లీ అరవై గజాలు వెనక్కి వచ్చాడు. తొమ్మిది పడుగులూ అలాగే తిరిగాడు. చివరికి చేరేసరికి కోతిటోపీ చేతిలోకి వచ్చింది, మొహం చెమటలు పట్టింది. వాడకట్టు ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సారు కూడా నవ్వాడు.

"సారయ్యా, ఇక్కడ కంపాసు పనికిరాదయ్యా. నువ్వే నడిచి చెప్పు, ఏది ఎక్కడ పెట్టాలో."

అలా ఆ పార్కు ప్లాను సారయ్య కాళ్లతో వేశాం. ఆయన సున్నం డబ్బా పట్టుకుని నడిచాడు, నేను వెనక రాసుకున్నాను. రెండు పడుగులు, వాటికి అటూ ఇటూ కుంచెలవాళ్లు కదలడానికి ఎనిమిది అంగలు కావాలి. వెడల్పు నలభై అంగలు, అంటే అయిదు దారులు. దారుల అంచున ఆరు వరసల చెట్లు. వరసలో చెట్టుకూ చెట్టుకూ నడుమ మళ్లీ ఎనిమిది అంగలు, వరసకు పదమూడు చెట్లు. బెంచీలన్నీ గోడవార. ఫౌంటెను లేదు. పొద్దున పది గంటల దాకా దారులు పడుగులకు, ఆ తరవాత ఊరందరికీ. ఇది వినడానికి చాలా సులువుగా ఉంది. నాకు కోపమొచ్చేది అందుకే. ఇంత సులువు సంగతి మాలో ఎవరికీ ముందు తట్టలేదు.

ఏ చెట్లు పెట్టాలి అన్న దగ్గర ఆగాం. సారు వేప అన్నాడు. వెనక నుంచి ఎవరో దగ్గారు. చూస్తే గట్టయ్య, చేతిలో గంజి కుంచె.

"వేప వద్దు సారూ. పండ్లు రాల్తె నూలు మీద మరక. శింత అసలే వద్దు, ఆకు సన్నగుంటది, గంజికి అంటుకుంటె ఏరలేక సస్తం. కానుగ పెట్టుండ్రి. ఆకు పెద్దది, పడ్డా తీసి పారేయొచ్చు. నీడ గూడ మంచిగుంటది, నడుమ ఎడమున్నది గద, పడుగు ఆరుతది." అని, సున్నంతో తెల్లబడిన తమ్ముడి కాళ్లు చూసి, "ఇంటికి పోయినంక కాళ్లు కడుక్కోరా, పగుల్తయి" అన్నాడు.

మూడు వారాలు దాటాక తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. సారయ్య సున్నం డబ్బా కింద పెట్టి, ముక్కు తుడుచుకుని, మళ్లీ ఎత్తుకున్నాడు.

డెబ్బై ఎనిమిది కానుగ మొక్కలు నాటించాం. మేకలు తిన్నచోట మళ్లీ మళ్లీ నాటితే, 1984కల్లా అన్నీ మనిషి ఎత్తు దాటాయి. ఇప్పుడు పొద్దున ఆ నీడలో పడుగులు, పొద్దెక్కాక దవాఖానకు వచ్చిన పల్లెటూరివాళ్లు, సాయంత్రం తిన్నగా పొడుగ్గా ఉన్న ఆ దారుల్లో నడిచేవాళ్లు. మిగిలిన మూడు పార్కుల్లో ఫౌంటెన్లు పెట్టారు గదా, ఏడాది తిరిగేసరికి అందులో నీళ్లు లేవు, పల్లీల పొట్టు ఉంది. పాండురంగం సారు బదిలీ మీద పోతూ, తన కంపాసు నాకిచ్చి పోయాడు. దాంతో నేనిప్పటిదాకా ఒక్క గుండ్రం కూడా గీయలేదు.

లిస్టు మాత్రం ఆ రెండో సర్వే తరవాతి దసరాకే వచ్చింది. అసిస్టెంటు సర్వేయర్లలో సారయ్య పేరు లేదు. డ్రాఫ్ట్స్‌మన్లలో నా పేరు ఉంది. మంచి రంగులు వేసినందుకు, అందులో పడుగుల బయలు మొదటి ప్లాను కూడా ఒకటి. సారయ్యే అందరికంటే ముందు వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. మా ఇంటికి మిఠాయి కూడా తెచ్చాడు. ఆ తరవాత మళ్లీ ఆయన పేరు ఏ లిస్టులోనూ రాలేదు. 1988లో చైన్‌మన్‌గానే రిటైరయ్యాడు.

రిటైరైన రోజు సాయంత్రం ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి పంపించాక, మేమిద్దరం నడుచుకుంటూ ఆ పార్కుకు పోయి గోడవార బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా ఎవరో ముసలాయన కానుగ వరసల నడుమ చేతులు వెనక కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. సారయ్య ఆ ముసలాయన అంగలు లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు, పెదాలు కదులుతున్నాయి. పదేళ్లుగా నా గొంతులో ఉన్నది ఆ రోజు చెప్పేశాను.

"అన్నా, నాకు గూడ ఎర్కనే. రోజు ఈడికెల్లే పోతుంటి. పడుగులు సూస్తనే ఉంటి. రంగేసేటప్పుడు నోరు మూసుకున్న. నీ కాగితం రాసేటప్పుడు గూడ మూసుకున్న. నా పేరు గూడ రాయాల్సుండె."

సారయ్య పెదాలు లెక్క మధ్యలో ఆగాయి. ఆయనకు కోపం రాదని నాకు తెలుసు. ఏం ఫికర్ చేయకు భాయ్, అయిపోయిందేదో అయిపోయింది అంటాడని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే, ఆ మాట వినడానికే చెప్పాను.

"నాకు తెల్సు" అన్నాడు. "నువ్వు రోజు అటే పోతవని నాకు తెల్వదా భాయ్? రాసేటప్పుడు నీ మొకం సూసిన గద."

"మరి అడగకపోతివి?"

"అడిగితె రాసేటోనివే. అందుకే అడుగలే." శాలువా మడత సరిచేసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నీ పేరుంటె నా నౌకరి మారుతుండెనా? మారకపోవు. జాగ ఎట్లైన దక్కుతుండె. నాకు జర తోడుంటుండె, గంతే."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన నా భుజం మీద చేయి వేశాడు, చాలాసేపు తీయలేదు. చీకటి పడుతుంటే లేచి, సమ్మమ్మ చూస్తుంటుందని ఇంటికి బయలుదేరాడు. నేను కూడా లేచి, ఆయన పక్కన, ఆయన అంగకు అంగ కలుపుతూ వాళ్ల వాకిలిదాకా నడిచాను.